బస్సెక్కిన భాను చదువు

మా భానుకి కదలని చోట చదువు ఎక్కదు. కుర్చీలో ఎక్కదు, మంచం మీద ఎక్కదు, లైబ్రరీలో అయితే పుస్తకం తెరవడానికి చేతులే రావు. కదిలే బస్సులో, పక్కన చెట్లూ కొండలూ వెనక్కి పోతుంటేనే ఆమెకి అక్షరాలు ముందుకు వస్తాయి. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఆమె స్వయంగా ప్రకటించుకున్నదే.

చిక్కబళ్ళాపురంలో బీకాం ఆఖరి ఏడాది మేమిద్దరం కొత్తగా ఒక అద్దె గదిలో చేరాం. 2007 చివర, ఐదో సెమిస్టర్ పరీక్షలు మీదికి వస్తున్నాయి. రోజూ పొద్దున్నే నంది కొండ మంచులో మునిగిపోయేది. నేను ఖర్చుల లెక్కల సబ్జెక్టు కాస్టింగ్‌లో మునిగిపోయేదాన్ని. అలాంటి ఒక రోజు భాను పుస్తకం మూసి నిట్టూర్చింది.

"అంబికా, ఈ గది నాకు పనికిరాదే."

"యాల? ఎలుకలుండాయా?"

"ఎలుకలుంటే మేలే, అవన్నా కదుల్తాయి. గోడలు కదలవు. అదే కష్టం."

ఆ మర్నాటి నుంచి సాయంత్రం కాలేజీ వదలగానే బాగేపల్లి బస్సెక్కడం మొదలుపెట్టింది. బాగేపల్లిలో దిగుతుంది, ఎదురు బస్సు పట్టుకొని తిరిగొస్తుంది. వచ్చాక మంచం మీద వాలి కళ్ళు మూసుకుంటుంది. "ఎక్కిందా?" అని అడిగితే "బాగా ఎక్కింది, కదిలించొద్దు" అనేది.

ఒకరోజు వాన పట్టుకొని బస్సుల జాడ లేదు. భాను మంచం మీద కూర్చొని, "నువ్వు కొంచెం ఊపవే" అంది. నేను నా పుస్తకం పక్కన పెట్టి మంచం ఊపాను.

"మెల్లగా! ఇప్పుడే గదా ఊరు దాటింది. పేరేసంద్ర వస్తే ఒక కుదుపు ఇయ్యి."

కుదుపు ఇచ్చాను. కింద నుంచి ఇంటాయన చెన్నరాయప్ప పైకొచ్చి తలుపు తట్టాడు. "ఏందమ్మా ఆ సప్పుడు?"

"బస్సప్పా" అంది భాను పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఆయన గది నాలుగు మూలలూ చూసి దిగిపోయాడు.

బస్సులో ఆమెకి తోడు మా క్లాసు రంజిత. వేసవిలో పెళ్ళయి బాగేపల్లి కోడలయింది. పొద్దున్నే ఇంటిపని ముగించి బస్సెక్కి కాలేజీకొచ్చేది, సాయంత్రం వెళ్ళి మళ్ళీ పనిలో పడేది. ఇంటర్నల్స్‌లో మార్కులు బాగా పడిపోయాయి. "ఈ తూరి పరీక్షలు రాయను. చాలు నాకు ఈ చదువు" అని క్యాంటీన్లో ఏడ్చింది కూడా. నాకు తెలిసి బస్సులో ఆమె చేసే పని కళ్ళు మూసుకొని నిద్రపోవడమే.

ఈ చోద్యం చూద్దామని ఒకసారి నేనూ ఎక్కాను. కండక్టర్ ఆంజనేయప్ప భానుని చూడగానే కేకేశాడు. "జరగండప్పా, జరగండి! కాలేజి వచ్చింది!"

రంజిత కిటికీ పక్కన కళ్ళు మూసుకుంది. భాను పక్కన కూర్చొని పుస్తకం తెరిచి పైకే చదవసాగింది. నెమ్మదిగా, ఒక్కో మాటా విడమరిచి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి తిప్పుతూ. సాయంత్రం ఎండ బస్సులోకి ఏటవాలుగా పడుతోంది. పీకి ఆరబెట్టిన వేరుశనగ చేల మీదుగా మట్టి వాసన వస్తోంది. ముందు సీట్లో ఒకావిడ ఒడిలోని కోడి కూడా మెడ వాల్చి వింటోంది. ఆ గొంతులో కాస్టింగ్ లెక్కలు జోలపాటలా ఉన్నాయి. నా పరీక్షల భయం ఎక్కడో వెనక, రోడ్డు మీద దిగిపోయినట్టనిపించింది.

"పనిలో ఎప్పుడూ పోయే నష్టం నార్మల్ లాస్. అనుకోకుండా వచ్చేది అబ్‌నార్మల్ లాస్" అని చదివింది భాను.

వెనక సీట్లోంచి వెంకటేశప్ప అనే రైతు ముందుకు వంగాడు. "అమ్మా, వాన రాక చేను ఎండిపోతే అది యా లాసు?"

భాను వెనక్కి తిరిగి, "యా ఊరప్పా మీది?" అంది.

"బాగేపల్లి పక్కన."

"అయితే నార్మలే."

బస్సంతా నవ్వింది. వెంకటేశప్ప అందరికన్నా గట్టిగా నవ్వాడు.

తర్వాత చదువుకోడానికి సెలవులిచ్చారు. ఇక రంజిత కాలేజీకి రావలసిన పనిలేదు. అప్పుడు భాను నన్ను వెంటబెట్టుకొని సరాసరి బాగేపల్లిలో రంజిత ఇంటికే పోయింది. అత్తగారు లక్ష్మీనరసమ్మ వాకిట్లో వేరుశనగ కాయలు ఒలుస్తోంది. భాను ఆమె ముందు చేతులు కట్టుకొని నిలబడింది.

"అమ్మా, మీ కోడల్ని నాకు రోజూ కొంచెంసేపు ఇస్తారా?"

"యాడికి?"

"బస్సులోకి. నాకు బస్సులో అయితేనే చదువొస్తాది. ఒక్కదాన్నే తిరిగితే మా అమ్మ ఒప్పుకోదు. తోడు లేకపోతే నా పరీక్షే పోతాదమ్మా."

లక్ష్మీనరసమ్మ ఒలవడం ఆపి భాను ముఖం చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఈ పాపకి చిన్నప్పట్నుంచీ ఇట్లేనా?" అంది. నాకేం తెలుసు? తలూపాను.

"అయ్యో, పాపం!" ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకొని లోపలికి కేకేసింది. "రంజితా! ఈ పాపతో పోయిరామ్మా. సంగటి నేను కెలుకుతాలే. మనింటికొచ్చి అడిగింది, ఎట్ల కాదనేది?" మేం బయల్దేరేటప్పుడు భాను తల నిమిరి, రెండు చేతుల నిండా కాయలు పోసింది. "తిను నాయనా. బుర్ర నిమ్మళిస్తాది."

అలా సెలవులన్నీ వాళ్ళిద్దరూ బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికీ, చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లికీ చదువుకుంటూ తిరిగారు.

పరీక్షలకి ముందు ఆదివారం భాను చింతామణిలో వాళ్ళింటికి వెళ్ళింది. నాకు కాస్టింగ్‌లో ఒక అనుమానం తీరక, నేనూ ఆ ఊరికి పోయాను. గుమ్మంలో వాళ్ళమ్మ పుట్టమ్మ ఎదురొచ్చింది.

"భాను యాడమ్మా? బస్సులో ఉండాదా?" అన్నాను నవ్వుతూ.

"బస్సా! ఆ పేరు ఎత్తొద్దు తల్లీ. లోపల సదువుకుంటాండాది, చూడు."

తొంగిచూశాను. మూలన గోడకి ఆనుకొని భాను పుస్తకంలో లీనమై ఉంది. కాలి బొటనవేలు కూడా కదలడం లేదు.

"చిన్నప్పట్నుంచీ దానికి బస్సు పడదు" అంది పుట్టమ్మ. "ఎక్కిందంటే కడుపులో తిప్పేస్తాది. ఇక్కడ్నుంచి కాలేజికి బస్సులో పోయే రోజు పొద్దున అన్నమే ముట్టదు."

భాను తలెత్తి నన్ను చూసింది. దొంగలా నవ్వి, వేలు పెదవుల మీద పెట్టింది.

తర్వాత పెరట్లో చెప్పింది. "రంజితకి ఇంట్లో పుస్తకం పట్టుకొనే తీరిక లేదు. ఉండేది ఆ బస్సు ప్రయాణమే. బస్సులో పుస్తకం చూస్తే దానికి వాంతి. మరి ఎవురన్నా చదివి వినిపించల్ల గదా? నీకోసమే వస్తాండాను అంటే రావద్దంటాది. అందుకే నాకే జబ్బు అని చెప్పినా."

"మరి నాతో మంచం ఎందుకు ఊపించినావే?"

"నీ నోట్లో మాట నిలవదు గదా. నువ్వూ నమ్మల్ల."

ఆ మాటకి కోపం రావలసింది. రాలేదు.

పరీక్షలు రాశాం. తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను, ముగ్గురమూ గట్టెక్కాం. ఆఖరి పరీక్ష రాసిన సాయంత్రం రంజితని బస్సెక్కించడానికి వెళ్ళాం. భాను సోడా తాగడానికి పక్కకి పోగానే రంజిత నా చెవిలో అంది. "దానికి బస్సు పడదు. తెలుసా నీకు?"

నేను నోరు తెరిచాను. "నీకెట్ల తెలుసే?"

"మొదటి రోజే తెలిసింది. కండ్లు మూసుకొనుంటే వినపడదా? ఒక పేజీ చదవడం, గుటక మింగడం, ఇంకో పేజీ చదవడం! ఆ గుటకలు నావి మాదిరే ఉండాయి."

"మరి యాల అడగలేదు?"

"అడిగితే సిగ్గుపడి మానేస్తాది. అప్పుడు నేను ఫెయిలు. అందుకే నేనూ మా అత్త మాదిరే పాపం, పాపం అనుకుంటా కూర్చున్నా."

ఇంతలో భాను వచ్చింది. ఆ రోజు చదివేది ఏమీ లేదు, అయినా మమ్మల్ని ఇద్దర్నీ లాక్కొని బస్సెక్కింది. "ఆరో సెమిస్టర్ ఉండాది గదా. అలవాటు తప్పకూడదు" అంది. బస్సు ఇంకా కదల్లేదు, ఆమె ముఖం అప్పుడే పాలిపోయింది.

రంజిత ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది. "కండ్లు మూసుకో. ఈ పొద్దు నేను చెప్తా, నువ్వు విను."

బస్సు ఊరు దాటింది. రంజిత కిటికీలోంచి చూస్తూ, కనబడేదంతా మెల్లగా చెప్పసాగింది. ద్రాక్షతోట దాటినాం. చామంతి పూల బండి పోతాండాది. కొండమీద మబ్బు దిగుతాండాది, తెల్లగా, సగం కొండ లేదు ఇప్పుడు... వింటూ వింటూ నాకూ కళ్ళు మూతలు పడ్డాయి.

ఆంజనేయప్ప టికెట్లు కొట్టుకుంటూ మా సీటు దగ్గరికి వచ్చాడు. "ఏమ్మా, ఈ పొద్దు ఏం సబ్జెక్టు?"

"మెల్లగా అప్పా" అంది రంజిత. "కాలేజి నిద్రపోతాండాది."