కార్పెట్ కింద కిర్రు: ఒక ముద్దాయి నివాళి

మా ఓనర్ అంకుల్ పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి, "బాబూ, ఆసుపత్రిలో ఉన్నాం. అంకుల్ ఇక లేరు" అన్నారు. కెనడాలోని కిచెనర్‌లో, మా ఆఫీసు వంటగదిలో, చేతిలో కాఫీ కప్పుతో నిలబడిపోయాను. చాలా బాధ కలిగింది. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. ఆయన నన్ను దొంగ అనుకుంటూనే వెళ్ళిపోయారు. నా మీద పెట్టిన కేసు అలాగే ఉండిపోయింది. కొట్టేసే అధికారం ఉన్న ఒకే ఒక్క మనిషి లేకుండా పోయాడు.

కాబట్టి పాఠకులారా, ఇది నివాళే. కానీ రాస్తున్నది ముద్దాయి. అది మనసులో పెట్టుకుని చదవండి.

ఆయన టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో మూడేళ్ళుగా అద్దెకుంటున్నాను. అంకుల్ కారు విడిభాగాల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. కొత్త పాల ప్యాకెట్‌ని కూడా వాసన చూసేవారు. మంచు పడదని వాతావరణం వాళ్ళు చెబితే, వెళ్ళి మంచు తీసే పారను గుమ్మం దగ్గర పెట్టుకునేవారు. నేను ఏదైనా "బాగుంది అంకుల్" అంటే, "బాగుంది అనకయ్యా. చూశాను అను" అనేవారు. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే నేనూ అనుమానం మీదే బతుకుతున్నాను. ఇలాంటి ఇద్దరు ఒకే కప్పు కింద, ఒకరి నెత్తిన ఒకరు కాపురం ఉన్నారన్నమాట.

ఆ ఇంట్లో గోడ నుంచి గోడదాకా కార్పెట్. చలికాలం రాగానే దాని కింద నేల మాట్లాడడం మొదలుపెడుతుంది. కార్పెట్ పాతబడిందని జనం కార్పెట్‌ని తిడతారు. అంకుల్ ఒప్పుకునేవారు కాదు.

"అరిచేది కార్పెట్ కాదు, చెక్క కూడా కాదు. మేకు! ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వేడికి గాలి ఎండిపోతుంది, గాలితో పాటు చెక్క ఎండి కాస్త ముడుచుకుంటుంది. దూలానికీ పైనున్న ప్లైవుడ్‌కీ మధ్య సందు పడుతుంది. నువ్వు అడుగేస్తావు, ప్లైవుడ్ దిగుతుంది. అడుగు తీస్తావు, లేస్తుంది. ఆ దిగడంలో లేవడంలో మేకుని రాసుకుని కిర్రుమంటుంది. అర్థమైందా?"

"అయింది అంకుల్."

"అయిందనకు. నడిచి చూపించు."

నడిచాను. మేడ మీద గదుల్లో నేల అడుగుభాగం చేతికి అందదు కాబట్టి, అక్కడ పైనుంచే వైద్యం. ఎక్కడ దూలం ఉందో పిడికిలితో తట్టి, బోలుగా మోగని చోటల్లా కార్పెట్ మీద, ఆంటీ ముగ్గుపిండి తెచ్చి అంకుల్ చుక్క పెట్టేవారు. ఆ చుక్కల వరస మీద, కార్పెట్‌లోంచే దూలంలోకి స్క్రూ దించేవారు. అది ఇందుకోసమే చేసిన రకం. లోపలికి దిగాక తల దగ్గర పుటుక్కున విరిగిపోతుంది, పైన ఆనవాలు కూడా ఉండదు. ఒకసారి ఆయన మంచినీళ్ళకు వెళ్ళొచ్చేలోగా ఆంటీ ఆ చుక్కలన్నీ కలిపి పద్మం వేసేశారు.

"ఏమిటే ఇది! దూలం ఎక్కడుందో ఇప్పుడెలా తెలుస్తుంది?"

"ముగ్గుపిండి తీసుకెళ్ళిన మనిషికి ఆ మాత్రం తెలియాలి."

ఇక అసలు కిర్రు సంగతి. అది కింద హాల్లో, కార్పెట్ అయిపోయి వంటగది మొదలయ్యే చోట ఉంది. దాని అడుగుభాగం సరిగ్గా బేస్‌మెంట్‌లో, నా గది పక్కన వాషింగ్ మెషీన్ మీద వస్తుంది. అక్కడ సీలింగ్ లేదు, దూలాలు కళ్ళెదురుగా కనిపిస్తాయి. అంటే వైద్యం చాలా తేలిక. ఒక చివర మందంగా, ఒక చివర పలచగా ఉన్న చెక్కముక్కకి జిగురు పూసి, దూలానికీ ప్లైవుడ్‌కీ మధ్య సందులోకి చేత్తో నెట్టడమే. సుత్తితో కొట్టకూడదు. కొడితే నేల పైకి లేచి, పక్కన ఇంకో చోట అరుస్తుంది.

ఆయన కింద, స్టీలు గ్లాసు బోర్లించి ప్లైవుడ్‌కి ఆనించి, దాని అడుక్కి చెవి పెట్టేవారు. నేను పైన బరువుగా పనిచేసేవాణ్ణి.

"నడు!" నేల కిందనుంచి కేక.

నడిచేవాణ్ణి.

"ఏనుగులా కాదయ్యా, మనిషిలా నడు!"

ముక్క నెట్టేవారు. కిర్రు ఆగేది. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ ముక్క మీద పెన్సిల్‌తో ఏదో గీకి, "ఆరడానికి రేపటిదాకా పడుతుంది, ముట్టుకోకు" అని నన్ను చూసి మరీ చెప్పేవారు. మర్నాటికి ముక్క మాయం. కిర్రు హాజరు.

ఒకసారైతే పొరపాటు. రెండు చలికాలాల పాటు జరిగితే దాన్నేమంటారు?

"ఏమయ్యా, బేస్‌మెంట్‌లో ఉండేది ఎవరు?"

"నేనే అంకుల్. కానీ నేను ముట్టుకోలేదు. మీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీద వేసుకో."

నాకూ ఆయన మీద అనుమానం ఉండేది. ముక్క చూసే వంకతో కిందికి దిగిన ప్రతిసారీ నా గుమ్మం దగ్గర ఎన్ని జతల బూట్లున్నాయో లెక్కపెట్టేవారు. తనిఖీకి సాకు కావాలని ఆయనే ముక్క పీకేస్తున్నారని నా వాదన. చివరికి విసుగెత్తి అన్నాను, "అంకుల్, కిందనుంచి ఒక స్క్రూ బిగించేయండి. ఎవరూ పీకలేరు."

ఆయన అదోలా నవ్వారు. "స్క్రూ పెడితే కిర్రు పోతుంది. దొంగ దొరకడు."

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఆయన పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు మొదట గుర్తొచ్చింది అదే.

పదకొండో రోజు కార్యక్రమం అయిపోయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, ఆంటీ పాత కాఫీ డబ్బా ఒకటి పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగారు.

"బాబూ, ఒకటి చెబుతాను, ఏమనుకోకు."

డబ్బా మూత తీశారు. నిండా చెక్కముక్కలు. అంచుల్లో జిగురు ఎండి కారిన చుక్కల్లా ఉంది.

"ఇవన్నీ మీరా ఆంటీ?"

"బట్టలు వెయ్యడానికి దిగినప్పుడు తీసేసేదాన్ని. ఆయనకి సుగరు కదా. మధ్యాహ్నం నేను కాస్త నడుం వాల్చగానే వంటగదిలో సున్నుండల డబ్బా దగ్గరికి బయల్దేరేవారు. ఆ కిర్రు ఒక్కటే నాకు ఆధారం. దాన్నీ నొక్కేస్తే నేనేం కావాలి?"

"మరి ఆయన నన్ను తిడుతుంటే..."

"నువ్వు పడుతున్నావు కదా అని ఊరుకున్నాను."

దగ్గరి చూపుకి కళ్ళజోడు లేనిదే ఆంటీకి అక్షరం కనిపించదు. బట్టల బుట్టతో దిగేటప్పుడు ఆ జోడు ఎప్పుడూ పైనే ఉంటుంది. అందుకే ఆ పెన్సిల్ రాతల్ని ఆవిడ ఎప్పుడూ చదవలేదు. నేను ఒక్కొక్క ముక్కా దీపం కిందికి తీసుకెళ్ళి పైకి చదివాను. మొదటి వాటి మీద ఇన్‌స్పెక్టర్ గారి టిక్కు, పొడి అక్షరాలు. తర్వాతి దాని మీద, "బట్టలు ఉతికిన రోజే పోతోంది. నీ వేళ్ళకి జిగురు." ఆ 'నీ' నేను కాదు, ఆంటీ. ఇంకోదాని మీద, "ఒక్కటే తిన్నా, ఒట్టు."

"ఒక్కటేనట!" ఆంటీ గయ్యిమన్నారు. "వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మోగాలి. ఆయన మోగించింది నాలుగుసార్లు. నాకు లెక్క రాదనుకున్నారు!"

అంటూనే కొంగు కళ్ళకద్దుకున్నారు.

ఆఖరి ముక్క మీద అక్షరాలు చిన్నగా, ఇరుకుగా ఉన్నాయి. "అబ్బాయి అమాయకుడు. అయినా ఇంకొన్నాళ్ళు వాణ్ణే అనుమానిస్తా. నువ్వు తీస్తూ ఉండు."

అలా నా మీద కేసు కొట్టేశారు. తీర్పు ఎప్పుడో రాసి, చూడగలిగేవాళ్ళ చేతికి అందకుండా సందులో దాచిన న్యాయమూర్తిని నేను ఈయన్నే చూశాను. నిజానికి ఆయన నన్ను అనుమానించలేదు. తన భార్యతో ఆడుకుంటున్న ఆటలో నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు, అంతే. దానికి ఆయనకు రుణపడి ఉన్నానని ఇప్పుడు రాయగలుగుతున్నాను. చూశాను కాబట్టి.

మర్నాడు ఇంటినుంచే పని. ఇక ఆ నేల ఎవర్నీ పట్టివ్వాల్సిన అవసరం లేదు కదా అనుకుని, మధ్యాహ్నం ఆ ఆఖరి ముక్కకి జిగురు పూసుకుని వాషింగ్ మెషీన్ పక్కన స్టూలెక్కాను. ఆయన అక్షరాలు కిందనుంచి కనిపించేలా తిప్పి పట్టుకున్నాను. సందు దగ్గర పెట్టబోతుంటే పైన కిర్రుమంది.

ఆంటీ వంటగదిలోకి వెళ్ళారనుకున్నాను. వెనక్కి వస్తే ఇంకోసారి మోగాలి. ఆగాను.

మోగలేదు. నా తల మీద ప్లైవుడ్ కాస్త దిగి, దిగినట్టే ఉంది. ఆవిడ అటు వెళ్ళలేదు, ఇటు రాలేదు, ఆ చోటు మీదే నిలబడ్డారని నా అనుమానం. వేళ్ళ మధ్య జిగురు ఆరిపోతోంది. నేను రెండో కిర్రు కోసం తల పైకెత్తి అలాగే నిలబడి ఉన్నాను.