ముజఫ్ఫర్ అలీ పొట్లం

ముజఫ్ఫర్ అలీ పువ్వులిస్తే వ్యవహారం పువ్వులతో ఆగదు. మర్నాటి నుంచి ఆయన కూడా వస్తాడు, నీళ్ళు మార్చడానికి.

ఈ ఎడారి దేశంలో, అల్ హిలాల్ అనే పేటలో మేముండే విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. గోడమీది కాగితంపూల తీగ మాత్రం అందరిదీ. అందరిదీ అంటే బోధన్ నుంచి వచ్చిన టైలర్ ముజఫ్ఫర్ అలీది. ఎండ రాకముందే కొమ్మ కోయాలి. ఆకులన్నీ దూసెయ్యాలి. కాడ చివర నిలువునా చీల్చి, ఖాళీ పచ్చడి సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, చిటికెడు చక్కెర వెయ్యాలి. నేను షుగర్ మనిషిని, నా గదిలో చక్కెర ఉండదు. అందుకని ఆయన జేబులోనే పొట్లం.

జూన్ నెలలో ఓ రోజు నా ఏసీ ఆపేశాడు.

"రాజేందర్ భాయ్, గాలి పువ్వుకు తగుల్తున్నది."

"నాకు చెమట వడ్తున్నది గద."

"నువ్వు తుడ్సుకుంటవు. అది తుడ్సుకుంటదా?"

పుస్తకం, నేను, మూసిన తలుపు: నాకు అంతే చాలు. ఈ బాధ తప్పుతుందని ప్లాస్టిక్ పూలు తెచ్చిపెట్టాను. మర్నాడు వాటిని సబ్బుతో కడిగి, "వీటికి దుమ్ము వడ్తది, రోజు రావాలె" అన్నాడు. ఓడిపోయి కాగితంపూలకే తిరిగొచ్చాను. ఆ వారమే తాళంచెవి కూడా అడిగాడు.

"నువ్వు స్కూల్ల లైబ్రరీ డ్యూటీకి జల్ది పోతే పువ్వు గతేంది?"

పువ్వు మొహం చూసి ఇచ్చాను.

మొన్న మార్చిలో ఒక ఉదయం నాకు షుగర్ పడిపోయింది. లేవబోతే కాళ్ళు మాట వినలేదు. ఫోను బల్లమీద ఉంది, బల్ల గది అవతల ఉంది. అంతలో తాళం తిరిగింది.

"నీళ్ళు మార్సినవా?"

ఆయన నా మొహం చూశాడు, పొట్లం విప్పాడు, పువ్వు చక్కెర నా నోట్లో వేశాడు.

"మింగు భాయ్. యల్లా, మింగు."

తేరుకున్నాక అడిగాను. "పైన విజయరాణమ్మ ఎన్నిసార్లు అడిగినా ఒక్క కొమ్మ ఇయ్యలేదట. ఏమాయె?"

"ఆళ్ళింట్ల నలుగురున్నరు," అన్నాడు సీసా కడుగుతూ. "పొద్దుగాల లేస్తే ఒకల్నొకలు సూస్కుంటరు."

అప్పుడు తట్టింది. పూలున్నది మూడు గదుల్లోనే: నాది, డ్రైవర్ అహ్మద్ అలీది, వంటమనిషి ముత్యంది. ముగ్గురం ఒంటరివాళ్ళమే.

మర్నాడు తొందరగా మెలకువ వచ్చి నీళ్ళు మార్చబోయాను. వాకిట్లో చెప్పుల చప్పుడు. సీసా ఉన్నచోటే పెట్టేసి పుస్తకం తెరిచాను.

"నీళ్ళు మార్సినవా?"

"మర్శిపోయిన."

"నాకెర్కనే," అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. ఈసారి రెండు పొట్లాలు బయటికొచ్చాయి. చిన్నది పువ్వుకు.