మల్లమ్మ పొయ్యి మీద మా అవ్వ వంట

మా చిన్నప్పుడు... ఎసరు మరిగే వేళకు మా అవ్వ చేటలో బియ్యం పోసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. ఆ తర్వాతే మిగతావి కడిగేది. రెండు పూటలా ఇంతే.

ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. అందరి కుండలూ ఒకే సంచిలో పడేవి... రేషన్ బియ్యం, సన్నబియ్యం, నూకలు, అన్నీ కలిసి. ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకు ఆ సంచి.

మాది దేవరకొండ దగ్గర ఊరు. తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం, గొర్లు కాసుకునే ఇంటి మల్లమ్మ జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. భర్త మందను తోలుకుని నీళ్ల కోసం నందికొండ డ్యాము వైపు పోయాడు. ఇంట్లో ఇద్దరు చిన్న ఆడపిల్లలు.

"వాళ్లు మన చర్చికి రారు గదా శాంతవ్వా," అన్నాడు సంచి కడుతున్న యేసేపు మామ.

"రాకపోతేంది, ఆకలైతది గదా. ప్రభువు రొట్టెలు పంచినప్పుడు పేర్లడిగిండా?" అంది అవ్వ.

సంచి నా నెత్తిన పెట్టి తను ముందు నడిచింది. గడప ముందు దించాం. మల్లమ్మ సంచిని చూసింది, మెడకు వేలాడుతున్న కట్టును చూసుకుంది... నవ్వింది.

"మంచిగనే తెచ్చినవ్ శాంతవ్వా. ఎడమచేత్తోని వండాల్నా, కాలుతోని వండాల్నా?"

అవ్వ నాలుక కరుచుకుంది. రెండు రోజులుగా పిల్లలు పేలాలే తింటున్నారని అప్పుడు తెలిసింది.

వండిపెట్టడం అవ్వకు పెద్ద పని కాదు. కానీ వాళ్లింటివాళ్లు మా వాడలో మంచినీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదు. బియ్యమైతే సరే... వండిన అన్నం సంగతి వేరు. అవ్వ గడప బయటే నిలబడి మెల్లగా అడిగింది.

"నేనొండితే తింటరా బిడ్డా?"

మల్లమ్మ జవాబు చెప్పేలోపే చిన్నపిల్ల గిన్నె తెచ్చి పొయ్యి మీద పెట్టేసింది.

"దానికే తొందరున్నది," అంది మల్లమ్మ. "లోపలికి రా శాంతవ్వా. ఉప్పు మాత్రం జర సూసెయ్యి. నీ చేతి ఉప్పు సంగతి నీ కోడలు ఊరంత చెప్పింది."

"దాని నోట్ల మన్నువడ," అంటూ అవ్వ చెప్పులు విడిచి లోపలికి పోయింది.

ఆ కలగలుపు బియ్యం ఎలా ఉడుకుతాయి... నూకలు జావయ్యాయి, దొడ్డుబియ్యం పలుకుగా మిగిలాయి. పచ్చిపులుసు పోసుకుని అందరం తిన్నాం. "ఒక్క ముద్దల నాలుగు ఇండ్ల బువ్వ తిన్నట్టున్నది," అని మల్లమ్మ ఎడమచేత్తో తింటూ ఒకటే నవ్వు. కట్టు విప్పేదాకా అవ్వ రోజూ వెళ్లి వండింది.

వానలు పడ్డాక ఒక శనివారం పొద్దున మల్లమ్మ మా ఇంటికి వచ్చింది. చర్చికి ఎప్పుడూ రాలేదు, అవ్వ రమ్మననూ లేదు. కొంగు ముడి విప్పి మా కుండలో బియ్యం పోసింది.

"నేను గూడ పూటకో పిడికెడు పక్కకు తీస్తున్న. ఎవరికియ్యాల్నో నీకే ఎరుక."

పోతూ పోతూ, చెంబెడు నీళ్లు అడిగి తాగింది.

ఇప్పుడు మా ఇంట్లో కుక్కర్. గ్లాసుతో కొలిచి పోయడమే... బియ్యంలో చెయ్యి పెట్టే పనే లేదు. అవ్వ లేదు. కుండ మాత్రం అటక మీద ఉంది, రేపు దించుదామనుకుంటున్నాను.

మీ ఇళ్లలో ఇలా పక్కకు తీసిపెట్టిన చెయ్యి ఎవరిది... ఎవరి పొయ్యి కోసం?