రెండో ట్రయల్

టైలరక్కకు చెల్లెలంటే ప్రాణం, చెల్లెలి అదృష్టమంటే కడుపుమంట. రెండూ ఒకే ఒంట్లో ఎలా ఇమిడాయని అడక్కండి, ఇమిడాయి. చెల్లెలు టీచరమ్మగా రిటైరైంది. వీధిలో పాత శిష్యులు ఆగి ఆప్యాయంగా పలకరించేది ఆమెనే. పక్కనున్న అక్కనైతే బట్టలెప్పుడిస్తావని అడిగేవారు.

పెద్దాసుపత్రిలో మతిమరుపు మీద పరిశోధన మొదలైంది. అరవై దాటిన అక్కచెల్లెళ్ళు కావాలంటే ఇద్దరూ చేరి, ఒకరికి తోడుగా ఇంకొకరి పేరు రాయించుకున్నారు. ఎమ్మారై గొట్టంలో దబదబమని మోత, కదలకుండా పడుకోవాలి. టైలరక్క ముక్కు దురదపెట్టినా గోక్కోలేదు. చెల్లెలు కదిలి టెక్నీషియన్ చేత చివాట్లు తింది. అయినా రెండోసారి రమ్మన్న పిలుపు చెల్లెలికే వచ్చింది. ఆ తర్వాత మూడోసారీ ఆమెకే.

టైలరక్క కుళ్ళిపోయింది. ఆమె కొట్లో మామూలు బట్టకు తొడిగి చూసే ట్రయల్ ఒక్కటే. రెండోసారి పిలిచిందంటే అది ఖరీదైన బట్టన్నమాట. ఆ లెక్కన చెల్లెలి బుర్ర పట్టుబట్ట, తనది గోనెగుడ్డ.

మూడోసారి తోడు వెళ్ళి, చెల్లెలు మెషీన్‌లో ఉండగా డాక్టరమ్మ గదిలోకి దూసుకుపోయింది.

"నేను కదలకుండా పడుకున్నానమ్మా. నన్నెందుకు పిలవరు?"

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "మీది బాగుందండీ, అందుకే పిలవలేదు. ఆవిడ మెదడులో జ్ఞాపకాలు నిలిపే భాగం వయసుకు మించి తగ్గింది. కారణం తేల్చుకోవడానికే మళ్ళీ స్కాన్ తీస్తున్నాం. పోయినవారం ఆవిడకు అంతా వివరంగా చెప్పాను. అక్కకు నేనే చెప్తానన్నారు. చెప్పలేదా?"

టైలరక్కకు ముందు కోపమే వచ్చింది. ఇంత పెద్ద సంగతి కూడా తనకు దక్కనివ్వకుండా దాచుకుందని.

బయటికొచ్చేసరికి చెల్లెలు బెంచీ మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటోంది.

"ఇన్నిసార్లు ఎందుకు పిలుస్తున్నారో కనుక్కున్నావా అక్కా? నాకు ఒక్క ముక్క చెప్పరు వీళ్ళు."

ఆ మొహంలో దాపరికం లేదు. నిజంగానే అడుగుతోంది. టైలరక్క పక్కన కూర్చుంది. చెప్పాలి, ఇంటికెళ్ళి నెమ్మదిగా చెప్పాలి, ఎన్నిసార్లయినా చెప్పాలి. ఈ బెంచీ మీద మాత్రం తన వల్ల కాదు.

"ఎందుకేమిటే, చిన్నప్పట్నుంచీ అందరికీ నువ్వే కావాలిగా," అంది వీలైనంత కుళ్ళుబోతుగా. జీవితంలో మొదటిసారి అందుకు కష్టపడాల్సి వచ్చింది.

చెల్లెలు పకపకా నవ్వింది. "నీ కుళ్ళు ఎప్పటికి పోతుందక్కా."