కుందేలక్క తీసిన పెద్దవాళ్ల సినిమా

కుందేలక్క పనికి కూర్చోగానే బల్ల మీది చిన్న అద్దంలో చూస్తూ మూతి ముడుస్తుంది, కళ్లు పెద్దవి చేస్తుంది. ఆ ముఖాలనే సినిమాలోని కుందేలు బొమ్మకు గీస్తుంది; అందుకే అందరూ ఆమెను అలా పిలుస్తారు. తనను పెంచిన మేనమామ నడిపే పిల్లల బొమ్మల సినిమాల స్టూడియోలో ఇరవై ఏళ్లుగా ఆమె పని ఇదే.

ఒకసారి సెలవుల్లో పెద్దవాళ్ల కోసం ఒక చిన్న బొమ్మల సినిమా గీసింది. మాటలు మానేసిన భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తుంటారు, అంతే. మావయ్య ఒప్పుకుంటే దాన్ని పూర్తి సినిమాగా తీయాలని ఆమె ఆశ.

ఆ స్టూడియోలో ఏది తీసినా ముందు పనివాళ్ల పిల్లలకు చూపిస్తారు. వాళ్లు కుర్చీలు దిగిపోతే ఇక ఆ సినిమా లేనట్టే. దీన్నీ వాళ్లకే చూపిస్తానన్నాడు మావయ్య.

“ఇది పిల్లల కోసం కాదు కదా, మావయ్యా.”

“మన పేరు చూసి తల్లులు పిల్లల్ని టీవీ ముందు వదిలేసి వాళ్ల పని చూసుకుంటారు. ఆ నమ్మకం పోగొట్టుకుందామా, అమ్మడూ?”

బొమ్మ మొదలైన కాసేపటికే ఒక పిల్ల, “కుందేలు ఎప్పుడొస్తుంది?” అంది. ఆ వెంటనే అందరూ దిగి తుర్రుమన్నారు. వాళ్లను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు మాత్రం గుమ్మంలోనే నిలబడి చివరిదాకా చూశారు.

“ఆ తర్వాతైనా మాట్లాడుకున్నారా?” అని ఒకావిడ మెల్లగా అడిగింది.

కుందేలక్క మావయ్య వైపు చూసింది.

“విన్నానులే,” అన్నాడాయన లైటు వేస్తూ. “కానీ పిల్లలు దిగి వెళ్లిపోయారు కదే.”

వేరే స్టూడియోకు వెళ్లమని స్నేహితులు చెప్పారు. పెంచిన మనిషిని కాదని వెళ్లడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇప్పుడామెకు నలభై ఆరేళ్లు. కుందేలు ఏడో సినిమాకు బొమ్మలు గీస్తోంది.