రెండు వేళ్ల సందు

లింగంపల్లి స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరు పది. జూన్ నెల. గాలిలో తడి. వైమానిక దళం నుంచి మేం ఇద్దరం: విమానం బాడీకి, చక్రాలకు ఫిట్టర్‌గా నేను, ఇంజిన్ ఫిట్టర్‌గా ఒక కార్పొరల్. తలా ఒక కిట్ బ్యాగు. ఇద్దరికీ కలిపి ఒక పనిముట్ల పెట్టె, ముప్పై ఎనిమిది కిలోలు.

ఇప్పుడు నేనుండే ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతారు, "బోర్డర్‌లో చేశారా?" అని. చేశాను. కానీ నేను నిజంగా కాలు అడ్డం పెట్టి నిలబడింది మాత్రం హైటెక్ సిటీలో, అద్దాల టవర్ల మధ్య. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ఆర్డరు రెండు లైన్లే. మా యూనిట్‌కి చెందిన పాత రెండు సీట్ల విమానం ఒక ఐటీ కంపెనీ ఆవరణలో, రేకుల షెడ్డులో ప్రదర్శనకు ఉంది. దాని చక్రాలకు కొత్త తొడుగులు బిగించాలి. ఆ నెల మూడో శనివారం పది గంటలకు అది ఊరి బయట పచ్చిక మైదానంలో అతిథుల ముందు ఎగిరి దిగాలి.

తొడుగంటే చక్రాన్ని కప్పే నీటిబొట్టు ఆకారపు డొప్ప. గాలి చక్రానికి తగిలి చెదరకుండా జారిపోతుంది. వేగం కాస్త పెరుగుతుంది, చూడ్డానికీ బాగుంటుంది. నాకూ ఇష్టమే. పాత విమానానికి తొడుగులు పెడితే తలపాగా చుట్టిన పెళ్లికొడుకులా ఉంటుంది.

తొడుగులు ఆ కంపెనీ వాళ్లే చేశారు. లేజరుతో చక్రాన్ని కొలిచి, కంప్యూటర్లో గీసి, ఫైబర్‌గ్లాస్‌తో పోత పోశారు. వాళ్ల డిజైన్ ఇంజినీరు, కూకట్‌పల్లి నుంచి వచ్చే అమ్మాయి, వాటిని పసిపిల్లల్ని ఎత్తుకున్నంత జాగ్రత్తగా తెచ్చింది. టైరుకీ డొప్పకీ మధ్య సందు చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్లు. నేను వేలు పెట్టి చూశాను. చిటికెన వేలు కూడా దూరలేదు.

"కొలిచినప్పుడు విమానం ఎక్కడుందమ్మా?"

"స్టాండ్ల మీదండి. కదలకుండా ఉంటేనే కదండీ స్కాన్ సరిగ్గా వచ్చేది."

"టైరు?"

"గాల్లోనండి." అని, ఆగి, చక్రం వైపు చూసింది.

ఆ రోజే విమానాన్ని స్టాండ్ల మీంచి దించాం. ట్యాంకు నిండా పెట్రోలు పోశాం. ఒక సీట్లో కార్పొరల్, ఇంకో సీట్లో ఇసుక బస్తాలు. బరువు పడగానే టైరు నొక్కుకుని పక్కలకు ఉబ్బింది. డొప్పకు రాసుకుంది.

"ఏంది అన్నా గిట్ల? ఇది కదుల్తదా అసలు?" అన్నాడు కార్పొరల్ సీట్లోంచి.

కదలడం కాదు నా భయం, ఆగడం. పచ్చిక నేల మీద తడి మట్టి టైరుతో పాటు పైకి లేచి డొప్పలో చేరుతుంది. సందు లేకపోతే అక్కడే గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది. తోక చక్రం విమానం అది: ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్నది. దిగుతున్నప్పుడు ముందు చక్రాలు పట్టేస్తే మూతి నేలకు కొట్టి బోర్లా పడుతుంది. నాకెలా తెలుసంటే, అంతకు ముందు ఒక పోస్టింగులో అలా పడింది. ఆ పైలట్ ఈనాటికీ మెడ తిప్పలేడు. ఆ తొడుగు ముచ్చటగా, బిగుతుగా బిగించింది నేనే. కాగితం మీద సంతకమూ నాదే.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కొలత. టైరు చుట్టూ రెండు వేళ్లు దూరాలి.

తొడుగులు కోసి వెడల్పు చేస్తానని యూనిట్‌కి ఫోన్ చేశాను. అక్కడి ఆఫీసు పనులు నడిపే అధికారి, అడ్జుటెంట్ పలికాడు.

"కొయ్యొద్దు. ఆ తొడుగుల బొమ్మతో పోస్టర్లు అచ్చయిపోయాయి. ఉన్నవి ఉన్నట్టు బిగించి సంతకం పెట్టు."

"పెట్టను సార్."

"ఏమన్నావ్?"

"పెట్టనన్నాను సార్. కావాలంటే రాసిస్తాను."

"నీ పక్కనున్నవాడి చేత పెట్టిస్తా. ఫోన్ వాడికివ్వు."

కార్పొరల్ ఫోన్ అందుకున్నాడు. "నా సంతకం ఇంజిన్ దాకనే చెల్తది సార్. చక్రాలకు చెల్లది," అన్నాడు. అటు నుంచి ఏదో గట్టిగా వినిపించింది. వీడు "యస్ సార్, యస్ సార్" అంటూనే పెట్టెలోంచి రంపం తీసి నాకిచ్చాడు.

మధ్యాహ్నం రెండు గంటలకు కోశాను. ఒక్కో తొడుగును నిలువునా రెండు చెక్కలు చేశాం. ఇంజినీరమ్మాయి చేతులకు గ్లవ్స్ వేసుకుని, మధ్యలో కొత్త పట్టీ అతికించి వెడల్పు చేసింది. పైన కూడా సందు రావాలని బిగింపు రంధ్రాలు మార్చాను. ఆరడానికి రెండు రోజులు, రుద్దడానికి మూడు రోజులు. కంపెనీ మేనేజరు వచ్చి చూసి, "లావుగా కనిపిస్తున్నాయేంటండీ?" అన్నాడు.

"నా డిజైనేనండి. తప్పు దిద్దుకున్నాను," అంది ఆ అమ్మాయి. ఆ మాటకు ఆమెకు సెల్యూట్ చేయాలనిపించింది. చేశాను కూడా.

శుక్రవారం విమానాన్ని లారీ మీద మైదానానికి చేర్చాం. నాలుగు నుంచి ఏడు దాకా వాన. శనివారం ఉదయం, విమానం నడపబోయే మా స్క్వాడ్రన్ లీడర్ మైదానమంతా నడిచి వచ్చాడు. బూట్లకు ఎర్రమట్టి.

"దిగొచ్చు. తొడుగులు తీసేయమంటావా?"

"అక్కర్లేదు సార్. వేళ్లు పెట్టి చూడండి."

మోకాళ్ల మీద కూర్చుని పెట్టాడు. "నా వేళ్లు నీ వేళ్లకంటే లావు. అయినా దూరాయి," అని నవ్వాడు. నేను సంతకం పెట్టాను. పది గంటలకు ఆయన గాల్లోకి లేచాడు.

పది పన్నెండుకు రేడియో: "వేగం మునుపటి కంటే నాలుగు నాట్లు ఎక్కువ. నీ లావు బుగ్గలు బాగానే పనిచేస్తున్నాయ్."

పది ఇరవైకి దిగాడు. చక్రాలు నేలను తాకగానే మట్టి ఎగిసింది. తోక ఒక్కసారి పైకి లేవబోయి, మళ్లీ కుదురుగా దిగింది. నూరు గజాలు, నూటయాభై గజాలు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకేమీ తెలియదు.

సోమవారం లింగంపల్లిలో అదే పెట్టెతో రైలెక్కాం. యూనిట్‌లో నా కోసం ఒక కాగితం ఎదురుచూస్తోంది. ఆర్డరు ధిక్కరించినందుకు మందలింపు. నా సర్వీసు ఫైల్లో అదొక్కటే మచ్చ; ఆ పాత ప్రమాదాన్ని బురద ఖాతాలో రాసేశారు. ప్రమోషన్ వెనక్కి పోయింది. పోనీ. మళ్లీ పంపినా అదే రంపం తీస్తాను.

ఆ శనివారం విమానం ఆగాక తొడుగు కింద అరచెయ్యి పెట్టి తట్టాను. లోపలి నుంచి ఎర్రమట్టి పెళ్ల ఒకటి ఊడి నా చేతిలో పడింది. ఒక వైపు డొప్ప నునుపు, ఇంకో వైపు టైరు గాట్ల అచ్చు. పక్కన వేళ్లు పెట్టి చూశాను. సరిగ్గా రెండు వేళ్ల మందం. తలెత్తితే ఎదురుగా పైలట్, హెల్మెట్ తీసి, మెడ అటూ ఇటూ తిప్పుకుంటున్నాడు.