‘పర్లేదు డాక్టర్’ అన్న పాపానికి

మా ఇంట్లో ఏదో కీచుమంటోందని మొదట కనిపెట్టింది మావారు. ఒక శనివారం పొద్దున నేను పూజగదికీ వంటింటికీ మధ్య తిరుగుతుంటే, ఆయన నూనె డబ్బా పట్టుకుని నా వెనకాలే తిరిగారు. ముందు పూజగది తలుపు బందులకి వేశారు. తర్వాత ప్యాంట్రీకి. ఆ తర్వాత అసలెవరూ తెరవని లాండ్రీ తలుపుకి కూడా వేశారు.

“కొత్త ఇల్లని పేరేగానీ, ఈ బిల్డర్ వేసిన బందులన్నీ నాసిరకం సరుకు. సోమవారం ఫోన్ చేసి కడిగేస్తా చూడు” అన్నారు.

మా అమ్మాయి హారిక సోఫాలో ఫోన్ చూసుకుంటోంది. తలెత్తకుండానే, “నాన్నా, ఇట్స్ నాట్ ద డోర్. ఇట్స్ అమ్మ” అంది.

ఇద్దరం ఆగిపోయాం. నేనొక అడుగు వేశాను. కీచ్. ఇంకో అడుగు వేశాను. కీచ్. మావారు ఒకసారి నూనె డబ్బా వైపు చూసి, నా వైపు చూశారు.

“ఆ చూపేంటండీ? దగ్గరికి రాకండి” అన్నాను.

అప్పటికి నాకు కుడి తుంటి కీలు మార్చి ఏడాది దాటింది. ఆర్థరైటిస్ ముదిరిపోయి ఇక్కడే సిడ్నీలో హిప్ రీప్లేస్‌మెంట్ చేయించుకున్నాను. మేముండేది స్కోఫీల్డ్స్‌లో. వారమంతా చైల్డ్‌కేర్‌లో పని, ఆదివారం కమ్యూనిటీ హాల్లో మన పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పడం. రెండు చోట్లా పిల్లలతో పాటు నేల మీద కూర్చోవాలి, లేవాలి. కూర్చోలేని రోజు వస్తే నా బతుకులో నాకిష్టమైన భాగం పోయినట్టే. అందుకే ధైర్యం చేసి కోయించుకున్నాను. కొత్త కీలైతే వచ్చింది, కాకపోతే నేపథ్య సంగీతంతో సహా వచ్చింది.

మా సర్జన్ తనని గ్రెగ్ అని పిలవమన్నారు. జన్మలో ఏ మేష్టారినీ పేరు పెట్టి పిలవనిదాన్ని, ‘డాక్టర్ గ్రెగ్ గారూ’ దగ్గర రాజీ పడ్డాను. చెకప్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఆయన “హౌ ఆర్ వీ గోయింగ్?” అనేవారు. నేను మనసులో ‘పర్లేదు’ అనుకుని, పైకి “నాట్ టూ బ్యాడ్, డాక్టర్” అనేదాన్ని. “బ్యూటీ!” అని, అంటే ఇక్కడి లెక్కలో ‘భేష్’ అని, ఆయన కంప్యూటర్లో ఏదో టకటకా కొట్టేవారు. నేను బయటికొచ్చేదాన్ని.

నిజం చెప్పాలంటే అప్పటికే గజ్జల్లో పోటు. మెట్లు దిగాలంటే రెయిలింగ్‌కి వేలాడాలి. సాక్సులు మావారే తొడిగేవారు. తొడుగుతూ, “పెళ్ళిలో కూడా నీ కాలు ఇన్నిసార్లు పట్టుకోలేదే” అని సణిగేవారు. అయినా డాక్టర్ ముందు నోరు పెగిలేది కాదు. అంత కష్టపడి ఆపరేషన్ చేసిన మనిషి మొహం మీదే బాగోలేదని ఎలా అంటాం? పెళ్ళి భోజనం తిని వంటాయన ఎదురుగా ఉప్పు తక్కువైందన్నట్టు ఉంటుంది.

కీచు సంగతి మాత్రం చెప్పాను. “కొంచెం శబ్దం మామూలే. నొప్పుందా?” అని అడిగారు గ్రెగ్.

“నాట్ టూ బ్యాడ్, డాక్టర్.”

“బ్యూటీ!”

తర్వాత ఒక ఆదివారం, పిల్లల చేత గుణింతం చెప్పిస్తున్నాను. కా, కి, కీ అనేసరికి నా తుంటి కూడా కీ అంది. కాలు కింద నేల లేనట్టయి కుర్చీల మధ్య దబ్బున పడ్డాను. పిల్లలు చుట్టూ మూగి “టీచర్, ఆర్ యూ ఓకే?” అంటుంటే, నేల మీద నుంచే “పర్లేదమ్మా, పర్లేదు” అంటున్నానట. ఆంబులెన్స్ వాళ్ళొచ్చి నొప్పి తగ్గడానికి ఆకుపచ్చ గొట్టం ఒకటి నోట్లో పెట్టి పీల్చమన్నారు. ఇక్కడ దాన్ని గ్రీన్ విజిల్ అంటారు. ఆ మాట వినగానే నిజం ఈల అనుకుని మా పిల్లలంతా “ఊదండి టీచర్!” అని ఉత్సాహపరిచారు.

“పదికి ఎంత నొప్పి?” అని అడిగాడు ఆంబులెన్స్ అబ్బాయి. “ఫోర్” అన్నాను. అతను నా మొహం చూసి, ఇంకేం అడగకుండా తనకు తోచిన అంకె వేసుకున్నాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఎమ్మారై తీశారు. కోబాల్ట్, క్రోమియం ఎంతున్నాయో చూడాలని రక్తం తీశారు. నా రక్తంలో లోహమేమిటని అడిగితే, గ్రెగ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. ఆయన అలా నా పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. నాకు భయం వేసింది.

“ఈ ఇంప్లాంట్ అరిగి లోపలికి లోహం రాలుతోంది. చుట్టూ ఉన్న టిష్యూ బాగా దెబ్బతింది. రివిజన్ చెయ్యాలి, అంటే దీన్ని తీసేసి వేరేది పెట్టాలి. ఇది మీ ఒక్కరికే కాదు, కంపెనీ ఈ మోడల్‌ని రీకాల్ చేసింది. ఐ యామ్ సారీ” అన్నారు.

“కారైతే షోరూమ్‌కి తోలుకెళ్తాం. దీన్నెట్లా తోలుకెళ్ళేది?” అన్నారు మావారు.

రివిజన్ అయింది. కుట్ల దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్ళీ ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్ళారు. చేతి నరంలోకి పిక్ లైన్ అనే సన్నటి గొట్టం వేసి వారాల తరబడి యాంటీబయాటిక్స్ ఎక్కించారు. నోట్లో ఇత్తడి గిన్నె పెట్టుకున్నట్టు ఒకటే చేదు. ఆ రోజుల గురించి హాస్యమాడటం నాకింకా చేతకాలేదు, కాబట్టి ముందుకెళ్తాను.

గ్రెగ్ గారే ఒకరోజు, “ఆ కంపెనీ మీద క్లాస్ యాక్షన్ నడుస్తోంది. వాళ్ళతో మాట్లాడి చూడండి” అన్నారు. మాట్లాడాను. తర్వాత బుద్ధి లేక, “నేను క్లాస్ యాక్షన్‌లో ఉన్నాను” అని గుళ్ళో ఒకావిడతో అన్నాను. వారం తిరిగేసరికి తెలుగు క్లాసు మీద గవర్నమెంటు యాక్షన్ తీసుకుందని స్కోఫీల్డ్స్ అంతా పాకింది. ఇద్దరు తల్లులు ఇంటికే వచ్చి, “మీరేం దిగులు పడకండి ఆంటీ, ఒత్తులు రాయలేదని పిల్లల్ని కాస్త కేకలేస్తే తప్పేంటి, మేమంతా మీ వైపే” అని ధైర్యం చెప్పి వెళ్ళారు.

మా లాయరు మెలిస్సా మా హారిక ఈడు పిల్ల. ఓపిగ్గా చెప్పింది. ఒకే తప్పు వల్ల దెబ్బతిన్నవాళ్ళంతా ఎవరికి వారు కోర్టుకెక్కితే తెల్లారదు. అందుకని ఒకరు అందరి తరఫునా ముందు నిలబడతారు. లీడ్ అప్లికెంట్ అంటారు. మా కేసులో క్వీన్స్‌ల్యాండ్ ట్రక్ డ్రైవర్ ఒకాయన. అందరికీ ఉమ్మడిగా ఉన్న ప్రశ్నలు, అంటే ఆ వస్తువులో లోపముందా, కంపెనీకి ముందే తెలుసా లాంటివి, ఆయన కేసులో తేలతాయి. మిగతావాళ్ళం గ్రూప్ మెంబర్లం. వద్దని గడువులోగా ఆప్ట్ అవుట్ అయితే తప్ప మనం అందులో ఉన్నట్టే. ఖర్చు ముందు లాయర్లూ, పెట్టుబడి పెట్టే ఫండరూ భరిస్తారు. గెలిస్తే వాళ్ళ వాటా పట్టుకుంటారు. దేనికైనా చివర జడ్జి ఒప్పుకోవాలి.

నాకు సగమే బుర్రకెక్కింది. మావారు మాత్రం తల పంకించి, “ఇందులో తెలియనిదేముందే? సత్యనారాయణ వ్రతం. పీటల మీద కూర్చునేది ఒక జంట. మనం అక్షింతలు పట్టుకుని కథ వింటాం. ప్రసాదం అందరికీ. ఆప్ట్ అవుట్ అంటే ప్రసాదం ముట్టకుండా పోవడం. అట్టా పోయినోళ్ళ గతేంటో కథలో చెప్తారుగా!” అన్నారు. ఇది మెలిస్సాకి ఇంగ్లీషులో చెప్పమని హారికని వేధించారు. మెలిస్సా విని, తన ట్రెయినింగ్‌లో ఎవరూ ఇంత బాగా చెప్పలేదంది.

కథ చాలాకాలం నడిచింది. విచారణ మొదలవబోతుండగా కంపెనీ సెటిల్‌మెంట్‌కి వచ్చింది. జడ్జి ఒప్పుకున్నారు. పని అయిపోయిందనుకున్నాను. అసలు పని అప్పుడే మొదలైంది. లోపం అందరిదీ ఒకటే, దెబ్బ మాత్రం ఎవరిది వారిదే. ఎవరికెంత హాని జరిగిందో ఆసుపత్రి రికార్డులు చూసి, కోర్టు ఒప్పుకున్న అసెసర్ ఒకరు తేలుస్తారు.

మెలిస్సా ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. “మీరు పడిపోయే దాకా మీకు ఏ నొప్పీ లేదని రికార్డుంది. ప్రతి చెకప్‌లోనూ పేషెంట్ బాగుంది, సంతోషంగా ఉంది అని రాసుంది. పడటం వల్లే కీలు పాడైంది, ఇంప్లాంట్ వల్ల కాదు అని మొదటి అసెస్‌మెంట్‌లో తేల్చారు” అంది.

కీలు పాడై నేను పడ్డానా, నేను పడి కీలు పాడైందా? చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు తయారైంది. ఆ సాయంత్రం నాకు ఏడుపు ఆగలేదు. పళ్ళ బిగువున అన్నాళ్ళు మింగిన నొప్పి అసలు లేనేలేదంటున్నారు. దానికి సాక్షిని నేనే.

“మరి మీరు డాక్టర్‌తో ఏమన్నారు?” అని మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి అడిగింది మెలిస్సా.

“పర్లేదు అన్నాను.”

“అంటే పదికి ఎంత?”

ఆలోచించాను. “అది దేని గురించో బట్టి ఉంటుంది. కాఫీ పర్లేదంటే ఐదు. పెళ్ళికొడుకు పర్లేదంటే ఏడు. నొప్పి పర్లేదంటే ఎనిమిది.”

“తొమ్మిదైతే?”

“అప్పుడూ పర్లేదే. కాకపోతే కళ్ళు మూసుకుని అంటాం.”

మెలిస్సా రివ్యూ అడుగుదామంది. హారిక రెండు రోజులు కూర్చుని పాత వీడియోలన్నీ వెతికింది. నేను పడిపోవడానికి చాలా ముందు జరిగిన మా క్లాసు ఉగాది కార్యక్రమం దొరికింది. చీరకి మైకు తగిలించుకుని స్టేజీ ఎక్కుతున్నాను. కీచ్, కీచ్, కీచ్ అని హాలంతా వినిపిస్తోంది. పిల్లలు పకపకా నవ్వుతున్నారు. మెట్టు మీద ఆగిపోయి, మొహం చిట్లించి, పక్కనున్న టేబుల్‌ని గట్టిగా పట్టుకున్నాను. ఎవరో “నొప్పాండీ?” అన్నారు. నేను కళ్ళు మూసుకుని, “పర్లేదు” అన్నాను.

రివ్యూ వీడియో కాల్‌లో జరిగింది. నాకు ఇంగ్లీషు వచ్చినా, ఆ ఒక్క మాట కోసం మెలిస్సా ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించింది. పెర్త్‌లో కానింగ్ వేల్ నుంచి, కరీంనగర్ వైపు అబ్బాయి. అసెసర్ పెద్దాయన, రిటైరైన బారిస్టర్. వీడియో చూసి, “ఆ చివర ఆమె అన్న మాటకి అర్థమేమిటి?” అన్నారు.

ఇంటర్‌ప్రెటర్ ఆ ముక్క ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. చివరికి, “సర్, దీనికి ఇంగ్లీషులో ఒక్క మాట లేదు. బాగుందని కాదు. బాగోలేదని చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను అని” అన్నాడు. ఆ వెంటనే మైకు ఆపలేదన్న సంగతి మరిచి, “మా అమ్మ గూడ గంతే మేడమ్, జరం వచ్చి లేవలేకున్నా ఏం గాలే బిడ్డా అంటది” అన్నాడు.

అసెసర్ నవ్వారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాళ్ళ నాన్న డబ్బో అనే ఊరి దగ్గర గోధుమ రైతట. ట్రాక్టర్ కింద కాలు పడితే, పరిగెత్తుకొచ్చిన వాళ్ళతో “నాట్ టూ బ్యాడ్, మేట్” అన్నాడట. ఆ కాలు తర్వాత తీసేయాల్సి వచ్చిందట. “ఆ మాట నాకు తెలుసు. నేను ఆ మాట మధ్యే పెరిగాను” అన్నారు.

కొన్ని వారాలకి నిర్ణయం వచ్చింది. నేను పడింది కీలు వల్లేనని ఒప్పుకున్నారు. పూజగదిలోకి వెళ్ళి దీపం పెట్టి కాసేపు కూర్చున్నాను, కుర్చీలోనే. ఎంత వచ్చిందని మాత్రం అడక్కండి. కాన్ఫిడెన్షియల్ అని చెప్పినా నమ్మక, గుళ్ళో ఆవిడ మా కొత్త సోఫాని తడిమి చూసి లెక్క కట్టే ప్రయత్నం చేసింది.

ఇప్పుడు నేల మీద కూర్చోలేను. నా బతుకులో ఆ భాగం తిరిగి రాలేదు, ఆ బాధ ఉంది. పిల్లలు నా పక్కన కింద కూర్చుంటారు, నేను కుర్చీలో. కొత్త కీలు నోరు మూసుకునే ఉంది. సాక్సులు నేనే తొడుక్కుంటున్నాను. మొన్న గ్రెగ్ గారు “హౌ ఆర్ వీ గోయింగ్?” అంటే, నేల మీద కూర్చోలేను, సాక్సులు మాత్రం తొడుక్కోగలను అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అక్షరం పొల్లుపోకుండా అదే రాసుకున్నారు.

నా అనుభవం మీద మీకు చెప్పేది ఒకటే. డాక్టర్ అడిగితే ఎలా ఉన్నారో చెప్పకండి, ఏం చెయ్యలేకపోతున్నారో చెప్పండి. మెట్లు దిగలేకపోతున్నాను, సాక్సులు వేసుకోలేకపోతున్నాను అనండి. ఆ మాటలు ఏ భాషలోకి వెళ్ళినా అవే మాటలుగా ఉంటాయి.

ఇది రాస్తుంటే మావారు ఎదురుగా కూర్చుని ఎడమ భుజం నిమురుకుంటున్నారు. పొద్దుటి నుంచీ అదే పని.

“ఏంటండీ, నొప్పా?” అన్నాను.

“అబ్బే, పర్లేదే” అన్నారు.

నేను కలం కింద పెట్టి కారు తాళాలు అందుకున్నాను.